జీడిపిక్కలూ, ఒక ఎర్ర ఇంటూ

రైలు పలాసలో ఆగింది. భువనేశ్వర్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మా ఆవిడ కింద బెర్తులో కునుకు తీస్తోంది. ప్లాట్‌ఫాం మీద జీడిపప్పు పొట్లాలు అమ్మేవాళ్ళ కేకలు. ఇంతలో ఎక్కణ్ణుంచో కిటికీలోంచి పొగ వాసన వచ్చింది. ఘాటుగా, నూనె మాడినట్టు, గొంతులో గీసుకుపోయే వాసన. జీడిపిక్కలు కాలుస్తున్నారు. ఆ వాసన ఒకసారి తగిలినవాళ్ళు జన్మలో మర్చిపోరు.

పలాసలో ఆ వాసన వస్తే ఎవరికైనా జీడిపప్పు గుర్తు రావాలి. నాకు 1, 4, 9, 16 గుర్తొచ్చాయి.

*

డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక నేను మొదట చేరిన బడి గజపతినగరం దాటాక, చంపావతి ఏటికి అవతల. బస్సు దిగి, ఏరు దాటి, మామిడి తోటలూ జీడి తోటలూ దాటుకుంటూ నడిచి వెళ్ళాలి. రెండు గదులు, ఇద్దరు టీచర్లం. ఒకటి, రెండు తరగతులు మేడంగారివి. మూడు, నాలుగు, ఐదు నావి. మూడు తరగతులూ ఒకే గదిలో, మూడు గోడలకేసి తిరిగి కూర్చునేవి. ఒకళ్ళకి తెలుగు చెప్తుంటే ఇంకొకళ్ళు లెక్కలు చేసుకోవాలి, మూడోవాళ్ళు గొడవ చేసుకోవాలి.

మధ్యాహ్న భోజనం అప్పటికింకా రాలేదు. నెలకి మనిషికి 3 కిలోల బియ్యం ఇచ్చేవారు, హాజరు సరిపడా ఉంటేనే. బియ్యం ఇచ్చే రోజు బడి నిండిపోయేది. మర్నాడు సగం ఖాళీ.

సాయంత్రం ఆఖరి పీరియడ్ ఎక్కాలు. పిల్లలంతా వరండాలో వరసగా నిలబడితే ఒకడు ముందు చెప్పేవాడు, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. "తొమ్మిదొకట్ల తొమ్మిది, తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది..." దూరంగా పొలంలో ఉన్నవాళ్ళకి అదే గడియారం. ఎక్కాలు మొదలయ్యాయంటే పశువుల్ని మళ్ళించే వేళయిందని లెక్క.

నేనూ అలాగే నేర్చుకున్నవాణ్ణే. మా నాన్నగారు రైస్ మిల్లులో గుమస్తా. ఆయనకి పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా నోటికి వచ్చు. రాత్రి అన్నం తింటూ "ఏడు ముప్పావులు?" అని అడిగితే ముద్ద నోట్లో ఉండగానే ఐదుంబావు అని చెప్పాలి. చెప్పకపోతే పెరుగు వడ్డించడం ఆగేది. అందుకని ఎక్కాల పాటంటే నాకు చిన్నచూపు లేదు. ఇప్పటి ట్రైనింగుల్లో దాన్ని బట్టీ అని తీసిపారేస్తుంటే ఒళ్ళు మండుతుంది కూడా.

కానీ ఒక చిక్కుంది. పాట మధ్యలో ఆపి "తొమ్మిదేళ్ళు ఎంత్రా?" అంటే వాడు పెదాలు కదుపుతూ మళ్ళీ ఒకట్ల నుంచి మొదలుపెట్టేవాడు. పాట వచ్చు, లోపలున్న లెక్కతో పరిచయం లేదు.

ఒకరోజు పాడించడం ఆపేసి తొమ్మిదో ఎక్కం జవాబులు మాత్రం బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశాను. మొదటి తొమ్మిదికి ముందు సున్నా పెట్టాను. 09, 18, 27, 36, 45, అలా 90 దాకా. ఏమీ చెప్పకుండా సుద్దముక్క పక్కన పెట్టి కూర్చున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరసలో నాలుగో తరగతి పిల్ల లేచింది.

"మేస్టారూ, ఒకేపు అంకెలు మెట్లెక్కతన్నాయి. ఇంకోయేపువి దిగతన్నాయి."

నిజమే. ఎడమ వైపు 0 నుంచి 9కి ఎక్కుతున్నాయి, కుడి వైపు 9 నుంచి 0కి దిగుతున్నాయి. ఇంకొకడు రెండంకెలూ కలిపితే ప్రతిసారీ తొమ్మిదే వస్తోందని పట్టుకున్నాడు. "ఎందుకలా?" అన్నాను. ఎవరికీ తెలీదు. జేబులోంచి పది రూపాయల నోటు తీసి ముందు వరసలో వాడికిచ్చి, "నీకు తొమ్మిదే ఇవ్వాలి, నా దగ్గర చిల్లర లేదు, ఏం చేద్దాం?" అని అడిగాను. "మీకు నాను రూపాయిచ్చీత్తాను" అన్నాడు. పది ఎక్కడం, ఒకటి దిగడం. బోర్డు మీద జరుగుతున్నదీ అదే. వాడు నోటు మాత్రం సాయంత్రం దాకా తిరిగివ్వలేదు.

*

జీడిపిక్కల కథకి వస్తాను.

మా ప్రాంతంలో వేసవి వస్తుందంటే పిల్లల జేబులన్నీ జీడిపిక్కలే. వరసగా పేర్చి దూరం నుంచి పెద్ద పిక్కతో కొట్టే ఆట. ఎన్ని పడితే అన్నీ వాడివే. బడిగంట కొట్టాక కూడా జేబుల్లోంచి గలగలమనేవి. మొదట్లో లాక్కుని నా టేబుల్ సొరుగులో పడేసేవాణ్ణి. సొరుగు నిండిపోయాక నాకే సిగ్గేసింది. ఒక మధ్యాహ్నం ఆ పిక్కలన్నీ నేలమీద గుమ్మరించి ఐదో తరగతి వాళ్ళని చుట్టూ కూర్చోబెట్టాను.

"ఒక పిక్క పెట్టండి. దాని చుట్టూ నలుపలకగా గోడ కడుతూ పెంచండి, రెండు వైపులే కట్టాలి" అన్నాను. ఒకటికి మూడు చేర్చితే రెండేసి పిక్కల నలుపలక. దానికి ఐదు చేర్చితే మూడేసి పిక్కలది. తర్వాత ఏడు, ఆ తర్వాత తొమ్మిది. నేలమీద నలుపలక పెరుగుతోంది, పక్కన పలక మీద ఎన్ని పిక్కలు కావాల్సి వచ్చాయో ఒకడు రాస్తున్నాడు. 1, 3, 5, 7, 9. మొత్తం ఎన్నయ్యాయో ఇంకొకడు రాస్తున్నాడు. 1, 4, 9, 16, 25.

నేను కాలేజీలో చదువుకున్న సూత్రమే ఇది. బేసి సంఖ్యలు మొదటి నుంచీ కూడుతూ పోతే వర్గాలు వస్తాయి. పరీక్షలో రుజువు కూడా రాశాను. ఎందుకు బేసి సంఖ్యలే వస్తాయో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. అది ఆ రోజు ఒక పదేళ్ళ పిల్ల చెప్పింది. నీలం రిబ్బన్లు, ముక్కుకి పుల్ల. మూడేసి పిక్కల నలుపలక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడి పక్క మూడు పిక్కలు పెట్టింది, కింద మూడు పిక్కలు పెట్టింది. తర్వాత మూల వైపు వేలు చూపించింది.

"రెండు పక్కలకీ మూడేసి ఎట్టినాక మూల కాళీగుండిపోనాది మేస్టారూ. దానికోటి ఎట్టాల గదా. అందుకే జతకి కుదర్దు."

అంతే. రెండు పక్కలకీ సమానం, మూలకి ఒకటి. అది ఎప్పటికీ జత కాదు. నేను ఏమీ అనలేక మూలలో ఒక పిక్క పెట్టాను. ఆ పిల్ల అప్పటికే తర్వాతి గోడకి పిక్కలు ఏరుకుంటోంది.

వారం రోజుల పాటు నా గదిలో నలుపలకలే. పదేసి పిక్కలది కట్టాలంటే వంద కావాలి. ఆ వంద కోసం నాలుగో తరగతి వాళ్ళకీ ఐదో తరగతి వాళ్ళకీ సంధి కుదిరింది.

ఆ ఆట అక్కడితో ఆగిపోవడానికి కారణం కూడా జీడే. మూడో తరగతి కుర్రాడొకడు పిక్కలోపల పప్పుంటుంది కదా అని పంటితో కొరికాడు. పచ్చి జీడి రసం తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో మా వైపు వాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ జాగ్రత్త పడలేదు. మర్నాటికి వాడి పెదవి వాచి, గడ్డం దాకా బొబ్బలెక్కింది. వాళ్ళమ్మ వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

"సదువు సెప్తారని అంపినాం బాబూ. పిక్కలాటకైతే ఈధిలో ఆడుకోడా?"

తప్పు నాది, ఏమని చెప్తాను? వాడికి తగ్గేదాకా రోజూ సాయంత్రం వాళ్ళింటి మీదుగా వెళ్ళేవాణ్ణి. పిక్కలన్నీ ఊళ్ళో కొనేవాడికి ఇచ్చేసి, ఆ డబ్బుతో పెన్సిళ్ళు కొన్నాను. తర్వాత ఎన్నేళ్ళు పాఠం చెప్పినా చింతపిక్కలే. చింతపిక్కలు మంచివే, చల్లగా, నున్నగా ఉంటాయి. కానీ జీడిపిక్కలతో కట్టిన నలుపలకకి ఉన్న అందం దానికి లేదు. జీడిపిక్క వంపు తిరిగి ఉంటుంది, అన్నీ ఒకవైపే తిప్పి పేరిస్తే బారులు తీరిన సిపాయిల్లా ఉండేవి.

*

కుంచం గురించి ఆ ఊళ్ళో నాకు పాఠం చెప్పింది ఒక ముసలమ్మ.

కిలోలు వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఊళ్ళో వడ్లూ చోళ్ళూ కొలత మీదే నడిచేవి. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు... నాలుగో తరగతిలో ఒకడు లెక్కపెట్టమంటే అలాగే మొదలుపెట్టాడు. క్లాసంతా నవ్వితే వాడికి అర్థం కాలేదు. వాళ్ళ నాయనమ్మ అలాగే కొలుస్తుంది మరి.

ఆవిడ దగ్గర కొలతలన్నీ ఉన్నాయి. ఒకరోజు బతిమాలి బడికి రప్పించాను. నెత్తిమీద గంపతో వచ్చి వరండాలో బోర్లించింది. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఇసక పోసి పిల్లలే కొలిచారు. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. గిద్దల్లో రాసుకుంటూ పోతే 1, 2, 4, 8, 16, 32, 64. ఆపైన నోటిలెక్క. రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. 128, 256. పిల్లల కళ్ళు పెద్దవవుతున్నాయి.

"తూము తర్వాత పుట్టి. మరి పుట్టికి ఎన్ని గిద్దలు?" అన్నాను హుషారుగా.

"512" అని అరిచారు.

ముసలమ్మ ఇసక దులుపుకుంటూ నా వైపు చూసింది. "పుట్టంటే ఇరవై తూములు గదా బాబూ. ఏటి సెప్తన్నావు?"

అన్నీ రెట్టింపవుతూ వచ్చి పుట్టి దగ్గర తెగిపోయింది. పిల్లలకి మహా ఆనందం. మేస్టారిని నాయనమ్మ ఓడించింది కదా. ఐదో తరగతి వాళ్ళు మాత్రం ఊరుకోకుండా 256ని 20తో హెచ్చవేసి 5120 తెచ్చారు.

*

ఇక్కడ ఎర్ర ఇంటూ సంగతి చెప్పాలి. దీన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

కొలతల పాఠం అయిన కొన్నాళ్ళకి పరీక్ష పెట్టాను. ప్రశ్నలు నేనే రాశాను. అందులో ఒకటి: '1, 2, 4, ... తర్వాత సంఖ్య ఏది?' 8 రావాలి. గంపెడు కొలతలు తెచ్చి చూపించాక ఇక అడగాలా? ఒక కుర్రాడు 7 రాశాడు. మాట తక్కువ మనిషి. చివరి బల్ల. తండ్రి కూలికెళ్తాడు, అప్పుడప్పుడూ వీణ్ణీ తీసుకెళ్తాడు. ఆ కొలతల రోజు బడికి వచ్చాడో లేదో కూడా గుర్తులేదు. ఎర్ర పెన్నుతో పెద్ద ఇంటూ కొట్టాను. పేపర్లు ఇచ్చేటప్పుడు అందరి ముందూ "రెట్టింపు అంటే ఏంట్రా? ఇసక పోసి మరీ చూపించాను కదా" అన్నాను. వాడు తల దించుకుని పేపరు తీసుకున్నాడు. సంతకం పెట్టించి తెమ్మంటే మర్నాడు వేలిముద్రతో తెచ్చి ఇచ్చాడు. మారు మాట్లాడలేదు.

వేసవి సెలవుల్లో వాళ్ళ కుటుంబం హైదరాబాద్ వెళ్ళిపోయింది, బిల్డింగ్ పనులకి. బడి తెరిచాక కొన్నాళ్ళు చూసి రిజిస్టర్లో పేరు కొట్టేశాం. అది రెండో ఇంటూ అనుకోండి.

పాత పేపర్లు బీరువాలోంచి తీసి కట్టగడుతుంటే వాడిది పైకొచ్చింది. ఎందుకో చూశాను. 1, 2, 4, 7 అని రాసి, అంకెల మధ్య కామాల కింద పెన్సిల్‌తో చిన్నచిన్నగా ఏదో గీసి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే 1, 2, 3. ఒకటికీ రెండుకీ మధ్య తేడా ఒకటి. రెండుకీ నాలుక్కీ రెండు. నాలుగు తర్వాత మూడు పెరగాలి, కనక ఏడు. ఆపైన రాయడానికి చోటుంటే 11 రాసేవాడు, 16 రాసేవాడు.

మూడంటే మూడు అంకెలిచ్చి తర్వాతది అడగడం నా బుద్ధితక్కువ. నవోదయ లాంటి పోటీ పరీక్షల్లో నాలుగైదు అంకెలు ఇచ్చి అడిగేది ఇందుకే. నేను ఇచ్చిన మూడు అంకెలకి వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. నేను 'ఎలా వచ్చింది?' అని ఒక్క మాట అడగలేదు.

అప్పట్నుంచి అంకెల వరస లెక్కలకి ఇంటూ కొట్టడం మానేశాను. నేననుకున్న జవాబు రాకపోతే పక్కన 'ఎలా?' అని రాసేవాణ్ణి. సగం మంది దాని కింద 'తెలీదు' అని రాసి ఇచ్చేవాళ్ళు. మిగతా సగం మంది కోసం పేపర్లు దిద్దడం నాకు ఇష్టమైన పనైపోయింది.

*

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో, డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) ట్రైనింగుల్లో బోధనోపకరణాల మీద చాలా చెప్పారు. ఏడాదికి 500 రూపాయలు గ్రాంటు కూడా ఇచ్చారు. మేళాల్లో రంగురంగుల చార్టులు పెట్టేవాళ్ళం, తర్వాత అవి బీరువా ఎక్కేవి. అక్కడ విన్నవాటిలో నాకు పనికొచ్చింది కాప్రేకర్ లెక్క. ఆయన మహారాష్ట్రలో దేవ్లాలీ బడిపంతులు. అన్నీ ఒకే అంకె కాకుండా ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకోండి. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకి పేర్చింది తీసెయ్యండి. వచ్చినదాన్ని మళ్ళీ అలాగే చెయ్యండి. 3524 అయితే 5432లోంచి 2345 తీస్తే 3087. తర్వాత 8730లోంచి 0378 తీస్తే 8352. 8532లోంచి 2358 తీస్తే 6174. ఇక అక్కణ్ణుంచి కదలదు, ఎంత తీసినా అదే. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు సార్లు దాటకుండా అక్కడికే వస్తుంది.

అప్పు తెచ్చుకునే తీసివేతలంటే ఏడుపు మొహం పెట్టే ఐదో తరగతి, ఆ రోజు ఇంటికెళ్ళమన్నా వెళ్ళలేదు. ఒకడు ఏడు సార్లు చేసినా రాలేదని పలక పట్టుకొచ్చాడు. మూడో తీసివేతలో తప్పు ఉంది. తనే వెతుక్కున్నాడు. తప్పు ఎక్కడుందో పిల్లాడు తనంతట తను వెతకడం నా సర్వీసులో అరుదుగా చూశాను.

*

ధనుర్మాసం వస్తే బడి ముందు ముగ్గులు మేడంగారి ఆధ్వర్యంలో. ఆడపిల్లలు చుక్కలు పెడుతుంటే నేను కుర్చీ వేసుకుని చూసేవాణ్ణి. "మూడు చుక్కలు, సందు చుక్క రెండు వరకు" అంటే మధ్య వరస మూడు, పైనా కిందా రెండేసి. మొత్తం 7. ఐదు చుక్కలు, సందు చుక్క మూడు వరకు అయితే 19. ఏడు, నాలుగు వరకు అయితే 37. తొమ్మిది, ఐదు వరకు అయితే 61. ఒక్క చుక్కతో మొదలుపెట్టి బోర్డు మీద రాయించాను. 1, 7, 19, 37, 61. తేడాలు తియ్యమంటే 6, 12, 18, 24.

"ఆరో ఎక్కం!" ఒకేసారి పది గొంతులు.

ముగ్గులో ఆరో ఎక్కం దాక్కుని ఉందని నాకూ అప్పుడే తెలిసింది. చుక్కల చుట్టూ ఇంకో వరస పెడితే ఆరు వైపులకీ ఒక్కొక్క చుక్క పెరుగుతుంది కదా. తర్వాతి ముగ్గుకి 91 చుక్కలని ఒక పిల్ల పెట్టకముందే చెప్పింది. మేడంగారు నమ్మక పదకొండు చుక్కలది పెట్టించి లెక్కపెట్టారు. 91. ఆ 1, 7, 19, 37 అన్నీ వరసగా కూడితే 1, 8, 27, 64 అవుతాయని, ఘనాలని, రిటైరయ్యే ముందు ఏడాది గమనించాను. చెప్పడానికి అప్పుడు నా దగ్గర క్లాసు లేదు. హెడ్మాస్టర్ని చేసి రిపోర్టులు రాయిస్తున్నారు.

*

నేను ఇంటూ కొట్టిన ఆ కుర్రాడి 7 నన్ను ఇంట్లో కూడా వదల్లేదు. కొన్నేళ్ళకి ఒక ఆదివారం మా ఆవిడ దిబ్బరొట్టె వేసింది. మా అమ్మాయి చిన్నది, కత్తి తీసుకుని తనే కోస్తానంది. మూడు కోతలు. అన్నీ మధ్యలో కలిసేలా కోస్తే ఆరు ముక్కలు రావాలి. చెయ్యి వంకర పోయి మూడో కోత పక్కకి జరిగింది. నడుమ చిన్న మూడు మూలల ముక్క ఒకటి అదనంగా వచ్చింది. అది నాకంటే నాకని పిల్లలిద్దరూ కొట్టుకుంటున్నారు. నేను ముక్కలు లెక్కపెట్టాను. ఏడు. కోయకముందు ఒకటి. ఒక కోతకి రెండు. రెండు కోతలకి నాలుగు. మూడో కోతకి ఏడు.

రొట్టె చల్లారిపోయేదాకా అలా చూస్తూ కూర్చున్నాను.

రైలు పలాస వదిలింది. పొగ వాసన పల్చబడింది. పేపరు మార్జిన్‌లో పెన్నుతో ఒక గుండ్రం గీసి, అడ్డంగా మూడు గీతలు గీశాను. నాలుగో గీత ఎలా గీస్తే పదకొండు వస్తాయో చూస్తున్నాను. ఒక్కో గీత మిగతా అన్ని గీతల్నీ వేరే వేరే చోట్ల కొట్టాలి. ఈ రైలు కుదుపుకి కుదరడం లేదు.

మా ఆవిడ లేచి కళ్ళు నులుముకుంటూ అడిగింది, "ఏంటండీ ఆ గీతలు?"

"దిబ్బరొట్టె."

"ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పొచ్చుగా" అంటూ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది.